‘మూడేళ్ళ నుంచి ఉంటున్నాను’: ఇంగ్లిష్ క్రియ ఎక్కడ మారుతుంది, ఎందుకు మారుతుంది

సంక్షిప్తంగా

ఎప్పుడో మొదలై ఇప్పటికీ నడుస్తున్న సంగతిని తెలుగులో మామూలు వర్తమాన క్రియతో చెప్పేస్తాం. అప్పటిని ఇప్పటితో కలిపే పని ‘నుంచి’, ‘గా’ అనే చిన్న మాటలు చూసుకుంటాయి. ఇంగ్లిష్‌లో ఆ పని క్రియ మీదే పడుతుంది. అందుకే అక్కడ సింపుల్ ప్రెజెంట్ (‘ఐ లివ్’ లాంటి రూపం) చాలదు, ప్రెజెంట్ పర్ఫెక్ట్ (‘ఐ హ్యావ్ లివ్డ్’ లాంటి రూపం) కావాలి. ఈ రెండింటి మధ్య తెలుగువాళ్ళు పడే తికమకలో ఎక్కువ భాగం ఈ ఒక్క తేడాలోంచి వచ్చిందే.

బెంగళూరులో ఉద్యోగం వెతుక్కునే తెలుగువాళ్ళకు ఈ చిక్కు ఇంటర్వ్యూ మొదటి నిమిషంలోనే ఎదురవుతుంది. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే పేరు, ఊరు, చదువు అయ్యాక వచ్చే వాక్యం చాలాసార్లు ఇలా ఉంటుంది: ‘ఐ యామ్ స్టేయింగ్ ఇన్ మారతహళ్ళి సిన్స్ త్రీ ఇయర్స్.’ కాస్త జాగ్రత్తపడేవాళ్ళు దాన్ని ‘ఐ స్టే ఇన్ మారతహళ్ళి సిన్స్ త్రీ ఇయర్స్’ అని మారుస్తారు. ఇంగ్లిష్ వ్యాకరణానికి రెండూ కుదరవు. కుదిరేది ‘ఐ హ్యావ్ లివ్డ్ ఇన్ మారతహళ్ళి ఫర్ త్రీ ఇయర్స్’, లేదంటే ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్’.

ఎలా చెప్పినా ఎదుటివాళ్ళకు అర్థమవుతుంది కదా అనిపించవచ్చు. నిజమే, చాలా సందర్భాల్లో అర్థమైపోతుంది. కానీ క్రియ రూపం మారితే అర్థమే వేరైపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. ఆఫీసు మెయిళ్ళలో, విదేశీ క్లయింట్లతో కాల్స్‌లో అవే ఎక్కువగా తగులుతాయి.

తెలుగులో ఒకే క్రియ, ఇంగ్లిష్‌లో మూడు

‘నేను బెంగళూరులో ఉంటున్నాను.’ ‘ఈ నెల బెంగళూరులో ఉంటున్నాను.’ ‘2019 నుంచి బెంగళూరులో ఉంటున్నాను.’ మూడింటిలోనూ క్రియ ఒక్కటే. ఇంగ్లిష్‌లో మాత్రం మొదటిది ‘ఐ లివ్’, రెండోది ‘ఐ యామ్ స్టేయింగ్’, మూడోది ‘ఐ హ్యావ్ లివ్డ్’. తెలుగులో ఆలోచించే మనిషికి మనసులో ఒక్కటిగా ఉన్నదాన్ని మాట్లాడేటప్పుడు మూడుగా విడదీయాల్సి వస్తుంది. విడదీయడానికి కావాల్సిన గుర్తు ఏదీ తెలుగు క్రియలో కనిపించదు.

గతం వైపు చూసినా ఇదే పరిస్థితి. తలుపు తీసి లోపలికి తిరిగి ‘నాన్న వచ్చారు’ అంటే ఆయన గుమ్మంలోనే ఉన్నారని అర్థం. ‘మొన్న నాన్న వచ్చారు’ అంటే వచ్చి వెళ్ళి ఉండవచ్చు. మొదటిదానికి ఇంగ్లిష్‌లో ‘హ్యాజ్ కమ్’, రెండోదానికి ‘కేమ్’. ‘తినలేదు’ అన్న ఒక్క మాటకు కూడా ‘డిడ్ నాట్ ఈట్’, ‘హ్యావ్ నాట్ ఈటెన్’ అని రెండు రూపాలున్నాయి. ‘కూర్చున్నాడు’ అనేది ఇంకా ఆసక్తికరం. అది జరిగిపోయిన పనీ అవుతుంది, ఇప్పటి స్థితీ అవుతుంది. ‘ఎక్కడున్నాడు?’ ‘వరండాలో కూర్చున్నాడు.’ రూపం గతం, అర్థం వర్తమానం. దీన్నే ఇంగ్లిష్‌లోకి తెచ్చి ‘హీ శాట్’ అంటే వినేవాళ్ళకు ఎప్పటి సంగతో తెలియదు. అక్కడ ‘ఈజ్ సిటింగ్’ కావాలి.

అంటే తెలుగు కూడా గతానికీ ఇప్పటికీ మధ్య సంబంధాన్ని బాగానే చెబుతుంది. చెప్పే చోటు వేరు. సందర్భంలోనో, ‘ఇప్పుడే’, ‘ఇంకా’, ‘నుంచి’ లాంటి మాటల్లోనో ఆ సంబంధం దొరుకుతుంది. ఇంగ్లిష్ దాన్ని క్రియలోకి తెచ్చి పెట్టుకుంది.

పేర్లు దారి తప్పిస్తాయి

సింపుల్ ప్రెజెంట్ అనే పేరు వింటే ‘ఇప్పుడు జరుగుతున్నది’ అనుకోవడం సహజం. కానీ ఆ రూపం ఇప్పుడు జరిగే పనికి వాడేది తక్కువ. ‘ఐ డ్రింక్ కాఫీ’ అంటే చేతిలో కప్పు ఉందని కాదు, కాఫీ అలవాటుందని. ‘ద సన్ రైజెస్ ఇన్ ద ఈస్ట్’ అన్నదానికి ఈ క్షణంతో పని లేదు.

తెలుగు వ్యాకరణం చదివినవాళ్ళకు దీనికి దగ్గరైన పేరు ఒకటి ముందే తెలుసు: తద్ధర్మం. భూత, వర్తమాన, భవిష్యత్తులతో పాటు బడిలో నాలుగోదిగా చెప్పేది ఇదే. ‘పక్షులు ఎగురుతాయి’, ‘అతను రోజూ మెట్రోలో వస్తాడు’ లాంటివి, స్వభావాన్నో అలవాటునో చెప్పే క్రియలు. సింపుల్ ప్రెజెంట్‌ను వర్తమానం అనుకోవడం కంటే తద్ధర్మం అనుకుంటే సగం చిక్కు అక్కడే తీరుతుంది. తద్ధర్మానికి మొదలూ చివరా ఉండవు. మొదలు చెప్పాల్సి వచ్చిందంటే, అంటే ‘2019 నుంచి’ అనో ‘నిన్న రాత్రి నుంచి’ అనో అనాల్సి వస్తే, ఆ వాక్యం తద్ధర్మం కాకుండా పోతుంది. ఇంగ్లిష్ సింపుల్ ప్రెజెంట్‌ను వదిలేసేది సరిగ్గా అక్కడే.

ప్రెజెంట్ పర్ఫెక్ట్ పేరుతో వచ్చే తిప్పలు ఇందుకు తలకిందులు. పేరులో ‘ప్రెజెంట్’ ఉన్నా దాన్ని గతంగానే చాలామంది నేర్చుకుంటారు. పాత గైడ్లలో ‘ఐ హ్యావ్ రిటెన్’ పక్కన ‘నేను వ్రాసియున్నాను’ అని ఉండేది. దస్తావేజుల్లో తప్ప అలా ఎవరూ రాయరు, నోటితో అసలే అనరు. ఇంట్లో వినని వాక్యాన్ని ఆధారంగా పెట్టుకుని పరాయి భాష రూపాన్ని పట్టుకోవాలంటే కష్టమే. చివరికి విద్యార్థికి గుర్తుండేది ‘హ్యావ్ పక్కన వీ3 (క్రియ మూడో రూపం)’ అనే సూత్రం ఒక్కటే. అది ఎప్పుడు కావాలన్నది ఆ సూత్రంలో లేదు.

‘హ్యావ్’ అక్కడికి ఎలా వచ్చింది

కలిగి ఉండడాన్ని చెప్పే ‘హ్యావ్’ ఈ రూపంలోకి ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు పాత ఇంగ్లిష్‌లో ఉంది. అప్పట్లో ‘నా దగ్గర రాసిన ఉత్తరం ఉంది’ అనే తీరులో వాక్యం ఉండేది. ఉత్తరం ఉంది, అది రాసి ఉంది. కాలక్రమంలో మాటల వరుస మారి ‘రాసిన’ అన్నది ‘ఉంది’ పక్కకు చేరింది. కలిగి ఉండడం అనే అర్థం పలచబడి, ‘రాయడం అయింది, దాని ఫలితం ఇప్పుడు నా వద్ద ఉంది’ అన్న భావం మిగిలింది. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో ‘ప్రెజెంట్’ ఎందుకుందో ఇక్కడ తేటపడుతుంది. అందులో ‘హ్యావ్’ నిజంగానే వర్తమానం.

ఈ లెక్కను 1947లో హాన్స్ రైషెన్‌బాఖ్ అనే తత్వవేత్త మూడు బిందువులతో వివరించాడు: మాట్లాడే సమయం, పని జరిగిన సమయం, మాట్లాడేవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడో ఆ సమయం. ‘ఐ లాస్ట్ మై కీస్’ అన్నప్పుడు చూపు కూడా గతంలోనే ఉంటుంది. తాళాలు తర్వాత దొరికాయో లేదో ఆ వాక్యం చెప్పదు. ‘ఐ హ్యావ్ లాస్ట్ మై కీస్’ అన్నప్పుడు పోవడం గతమే, చూపు మాత్రం ఇప్పటిలో ఉంది. తాళాలు ఇంకా దొరకలేదు, పీజీ గది బయటే నిలబడాల్సి వచ్చింది. సింపుల్ ప్రెజెంట్‌లో ఈ మూడు బిందువులూ ఒకే చోట కలిసిపోతాయి.

భాషాశాస్త్రవేత్త బెర్నార్డ్ కామ్రీ 1976లో పర్ఫెక్ట్ వాడుకలను నాలుగు రకాలుగా విడదీశాడు. ఫలితం మిగిలినవి, జీవితంలో ఎప్పుడో ఒకసారైనా జరిగిన అనుభవాలు, ఇప్పుడే ముగిసినవి, ఇప్పటిదాకా సాగుతూ వచ్చినవి. తెలుగులో మొదటి మూడింటికీ గతంతోనే పని జరిగిపోతుంది: ‘తాళాలు పోయాయి’, ‘మైసూరు చూశాను’, ‘ఇప్పుడే తిన్నాను’. నాలుగోది ఒక్కటే తెలుగులో వర్తమానం. సింపుల్ ప్రెజెంట్‌తో గొడవ పడేది ఈ నాలుగోదే కాబట్టి శ్రద్ధంతా దాని మీద పెట్టడం మేలు.

జ్వరం వచ్చిన లీవ్ లెటర్

ఆంధ్ర, తెలంగాణ బడుల్లో చదివినవాళ్ళలో ఈ వాక్యం రాయనివాళ్ళు అరుదు: ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ద స్కూల్.’ బట్టీ పట్టిన వాక్యమైనా క్రియ దగ్గర ఏ తప్పూ లేదు. ఇప్పుడు జ్వరం ఉంది, ఇప్పుడు రాలేను. అంతే.

అదే విద్యార్థి పెద్దయి బెంగళూరులో ఉద్యోగంలో చేరి మేనేజరుకు మెయిల్ పెడతాడు. ఈసారి బడి వాక్యానికి ఒక మాట చేరుతుంది: ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ లాస్ట్ నైట్.’ చేర్చింది ‘సిన్స్ లాస్ట్ నైట్’ మాత్రమే, క్రియను ముట్టుకోలేదు. తెలుగులో అలా చేయవచ్చు. ‘జ్వరంగా ఉంది’ ముందు ‘రాత్రి నుంచి’ పెడితే చాలు, ‘ఉంది’ అలాగే ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆ సమయం మాట వచ్చి చేరగానే క్రియ కూడా కదలాలి: ‘ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ సిన్స్ లాస్ట్ నైట్.’ ‘మదర్ ఈజ్ నాట్ వెల్’ సరైనదే. దానికి ‘సిన్స్ మండే’ తగిలిస్తే ‘హ్యాజ్ నాట్ బీన్ వెల్’ అవుతుంది.

తెలుగువాళ్ళ తప్పుల్లో ఎక్కువ భాగం ఇలా పుట్టినవే. మొదట అనుకున్న వాక్యం బాగానే ఉంటుంది. చివర్లో సమయం గుర్తొచ్చి తగిలించేసరికి చెడుతుంది. క్రియ నోటినుంచి వెళ్ళిపోయాక సమయం వస్తుంది, వెనక్కి వెళ్ళి దిద్దే వీలుండదు. తెలుగులో సమయం ముందు, క్రియ చివర. ఇంగ్లిష్‌లో తరచుగా క్రియ ముందు, సమయం చివర. వ్యాకరణం తెలిసినవాళ్ళు కూడా మాట్లాడేటప్పుడు తడబడడానికి ఈ వరుస తేడా ఒక పెద్ద కారణం కావచ్చు. రాసేటప్పుడు వెనక్కి చూసుకునే వీలుంది కాబట్టి మెయిల్ పంపేముందు ‘సిన్స్’, ‘ఫర్’ ఉన్న వాక్యాలను మాత్రం ఒకసారి వెతికి చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

తెలిసి ఉండడం, కలిగి ఉండడం లాంటి స్థితులను చెప్పే క్రియల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ‘ఆయన నాకు చిన్నప్పటి నుంచి తెలుసు’ అన్నదానికి ‘ఐ నో హిమ్ సిన్స్ చైల్డ్‌హుడ్’ అనీ, ‘ఐ యామ్ నోయింగ్’ అనీ రెండూ వినిపిస్తాయి. సరైనది ‘ఐ హ్యావ్ నోన్ హిమ్’. ‘హ్యావ్ బీన్ నోయింగ్’ కూడా ఇక్కడ నప్పదు. లివ్, వర్క్ లాంటి వాటికి ‘హ్యావ్ లివ్డ్’, ‘హ్యావ్ బీన్ లివింగ్’ రెండూ దాదాపు ఒకటే. నో, ఓన్, బిలీవ్ లాంటి వాటికి ఆ వెసులుబాటు లేదు.

‘గా’ కుదిరితే ‘ఫర్’

‘సిన్స్ త్రీ ఇయర్స్’ అన్న తప్పు వేరే కారణంతో వస్తుంది. తెలుగు ‘నుంచి’ రెండు పనులు చేస్తుంది. ‘2019 నుంచి’ అన్నప్పుడు మొదలైన బిందువును చూపిస్తుంది, ‘మూడేళ్ళ నుంచి’ అన్నప్పుడు గడిచిన కాలాన్ని కొలుస్తుంది. ఇంగ్లిష్ ఈ రెండింటికీ వేర్వేరు మాటలు పెట్టుకుంది.

దీనికి మందు తెలుగులోనే ఉంది. ‘మూడేళ్ళ నుంచి’ అన్న చోట ‘మూడేళ్ళుగా’ అని కూడా అనవచ్చు. ‘వారం రోజులుగా’, ‘రెండు గంటలుగా’ కూడా కుదురుతాయి. ‘2019గా’ అనలేం, ‘సోమవారంగా’ అనలేం, ‘పెళ్ళయినప్పుడుగా’ అసలే అనలేం. ‘గా’ కుదిరిన చోట ఇంగ్లిష్‌లో ‘ఫర్’, కుదరని చోట ‘సిన్స్’. సూత్రం గుర్తు పెట్టుకునే పని లేదు, తెలుగు చెవికి ఏది కుదరదో దానంతట అదే తెలుస్తుంది.

‘సిన్స్’ తర్వాత ఒక పూర్తి వాక్యం వచ్చినప్పుడు ఇంకో తప్పు దొర్లుతుంది. ‘కంపెనీలో చేరినప్పటి నుంచి’ అన్నదానికి ‘సిన్స్ ఐ హ్యావ్ జాయిన్డ్’ అంటుంటారు. చేరడం ఒక్క రోజు జరిగి అయిపోయిన పని, అక్కడ ‘సిన్స్ ఐ జాయిన్డ్’ చాలు. సాగుతూ వచ్చినది వాక్యంలోని రెండో భాగం. పర్ఫెక్ట్ అక్కడ కావాలి.

అర్థమే మారిపోయే చోట్లు

అమెరికా నుంచి వచ్చిన మేనేజరు ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసులో ఒక కొత్త ముఖాన్ని చూసి ‘హౌ లాంగ్ ఆర్ యూ హియర్ ఫర్?’ అని అడిగారనుకుందాం. తెలుగు చెవికి ఇది ‘ఎన్నాళ్ళ నుంచి ఇక్కడున్నారు?’ అన్నట్టు వినిపిస్తుంది. నిజానికి ఆ ప్రశ్న ‘ఎన్నాళ్ళు ఉంటారు?’ అని. గడిచిన కాలం గురించి అడగాలంటే ‘హౌ లాంగ్ హ్యావ్ యూ బీన్ హియర్?’ అనాలి. జవాబులోనూ ఇదే ప్రమాదం. ‘ఐ యామ్ హియర్ ఫర్ త్రీ మంత్స్’ అంటే వినేవాళ్ళు ‘మూడు నెలల పని మీద వచ్చారు, తర్వాత వెళ్ళిపోతారు’ అనుకుంటారు. మూడు నెలల క్రితం చేరి, ఇంకా పదేళ్ళు ఉండాలనుకునే ఉద్యోగి అన్న మాటగా అది చేరదు. ప్రాజెక్టులో ఎవరు ఉంటారు, ఎవరు వెళతారు అని లెక్కలు వేసుకునే సమయంలో ఇలాంటి పొరపాటు చిన్నది కాదు.

సాఫ్ట్‌వేర్ లోపాలను రాసే టికెట్లలో ఇంకో ఉదాహరణ దొరుకుతుంది. ‘ద సర్వర్ క్రాషెస్ వెన్ ద ఫైల్ ఈజ్ లార్జ్’ అంటే పెద్ద ఫైల్ పెట్టినప్పుడల్లా సర్వర్ పడిపోతుందని. అది లోపం స్వభావం, తద్ధర్మం. తీరిగ్గా చూసి సరిచేయవచ్చు. ‘ద సర్వర్ హ్యాజ్ క్రాష్డ్’ అంటే ఇప్పుడు పడిపోయి ఉంది, పని ఆగిపోయింది, వెంటనే ఎవరో ఒకరు లేవాలి. ‘ద సర్వర్ క్రాష్డ్’ అంటే ఎప్పుడో పడింది, ప్రస్తుతం సంగతి ఏమిటో టికెట్ చదివినవాళ్ళే మళ్ళీ అడగాలి. రాత్రి షిఫ్టులో ఉన్న మనిషి ఫోన్ చేసి లేపాలా వద్దా అన్నది కొన్నిసార్లు ఈ ఒక్క ‘హ్యాజ్’ మీద ఆధారపడుతుంది.

రెజ్యూమేలో ‘ఐ వర్క్ విత్ జావా’ అంటే ప్రస్తుత పని. ‘ఐ హ్యావ్ వర్క్‌డ్ విత్ జావా’ అంటే ఎప్పుడో ఒకప్పుడు చేసిన అనుభవం, ఇప్పుడు చేయకపోవచ్చు కూడా. దానికే ‘ఫర్ ఫోర్ ఇయర్స్’ చేరిస్తే మామూలుగా ‘నాలుగేళ్ళుగా చేస్తున్నాను’ అని వినిపిస్తుంది. ‘ఐ హ్యావ్ లివ్డ్ ఇన్ చెన్నై’ అన్న మనిషి ఇప్పుడు చెన్నైలో ఉండకపోవడమే ఎక్కువ. సమయం మాట ఉందా లేదా అన్నదాన్ని బట్టి పర్ఫెక్ట్ రెండు వైపులకూ తిరుగుతుంది.

చంద్రయాన్ వార్తలో మూడు రూపాలు

ఈ రూపాలన్నీ పక్కపక్కనే కనిపించే చోటు వార్తాపత్రిక. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగింది. బెంగళూరులోని ఇస్ట్రాక్ (వ్యోమనౌకలతో సంబంధం నడిపే ఇస్రో కేంద్రం) నుంచే ఆ దిగే ఘట్టాన్ని నడిపించారు. ఇలాంటి వార్తకు ఇంగ్లిష్ పత్రిక హెడ్డింగ్ ‘చంద్రయాన్-3 ల్యాండ్స్ ఆన్ ద మూన్’ అనే తీరులో ఉంటుంది. జరిగిపోయిన పనికి ఇలా సింపుల్ ప్రెజెంట్ వాడడం ఎక్కువగా హెడ్డింగులకే చెల్లే పద్ధతి. కింద మొదటి పేరాలో ‘ఇండియా హ్యాజ్ ల్యాండెడ్’ అని పర్ఫెక్ట్ వస్తుంది. ఇది కొత్త సంగతి, దీని ప్రభావం ఇప్పుడు నడుస్తోంది అని చెప్పడానికి. రెండో పేరాలో సాయంత్రం 6.04 గంటలకు, బుధవారం అని సమయం వచ్చేసరికి ‘టచ్డ్ డౌన్’ అని సింపుల్ పాస్ట్‌కు మారిపోతుంది. గడిచిపోయిన ఫలానా సమయాన్ని ‘హ్యావ్’తో కలిపి చెప్పడం ఇంగ్లిష్‌కు పడదు. ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ బీటెక్ ఇన్ 2018’ అన్న ఇంటర్వ్యూ వాక్యం తప్పయ్యేది కూడా ఇదే కారణంతో.

తెలుగు పత్రికలు ఇలాంటి చోట ‘చంద్రుడిపై దిగిన విక్రమ్’ అని క్రియను విశేషణంగా మార్చి పేరు ముందు పెడతాయి. అందుకే రోజూ తెలుగు పేపరు చదివేవాళ్ళకు ఇంగ్లిష్ హెడ్డింగులోని ‘ల్యాండ్స్’ వింతగా ఉంటుంది. హెడ్డింగులు చూసి ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ళు ‘మై బ్రదర్ గెట్స్ జాబ్’ అని మెసేజ్ పెట్టడానికి మూలం ఇక్కడే ఉంది. మాటల్లో అది ‘హ్యాజ్ గాట్ ఎ జాబ్’ కావాలి.

అనుభవాల లెక్క చెప్పేటప్పుడు పర్ఫెక్ట్ ఇంకో గుణం చూపిస్తుంది. చంద్రయాన్-3 దిగిన రోజున ‘ఫోర్ కంట్రీస్ హ్యావ్ ల్యాండెడ్’ అన్నది నిజం. 2024 జనవరిలో జపాన్ కూడా దిగాక ఆ సంఖ్య అయిదైంది. పర్ఫెక్ట్‌లో చెప్పిన లెక్క ‘ఇప్పటికి ఇంత’ అని. అది పెరగడానికి వీలుంటుంది.

సూత్రానికి లొంగని వాడుకలు

‘సిన్స్’ కనిపిస్తే ప్రెజెంట్ రాకూడదు అని కోచింగ్ సెంటర్లలో చెబుతారు. పూర్తిగా నిజం కాదు. ‘ఇట్ ఈజ్ టూ ఇయర్స్ సిన్స్ ఐ కేమ్ హియర్’ మంచి ఇంగ్లిషే, ముఖ్యంగా బ్రిటిష్ వాడుకలో. ‘వచ్చి రెండేళ్ళయింది’ అన్నదానికి అది సరిగ్గా సరిపోతుంది. ‘ఇట్ హ్యాజ్ బీన్ టూ ఇయర్స్’ అన్నా తప్పు లేదు.

వినడం, తెలుసుకోవడం లాంటి క్రియలకు గతంలో జరిగినా సింపుల్ ప్రెజెంట్ చెల్లుతుంది. ‘ఐ హియర్ యూ ఆర్ మూవింగ్ టు వైట్‌ఫీల్డ్’ అంటే వినడం నిన్ననే అయిపోయింది, ఆ సమాచారం ఇప్పుడు మనసులో ఉంది. ‘ఐ అండర్‌స్టాండ్ ఫ్రమ్ యువర్ మెయిల్’ కూడా ఇలాంటిదే. ‘ఐ ఫర్గెట్ హిజ్ నేమ్’, ‘ఐ హ్యావ్ ఫర్గాటెన్’ రెండూ వాడుకలో ఉన్నాయి. ఇక్కడ తెలుగువాళ్ళు మరీ జాగ్రత్తపడి ప్రతిచోటా ‘హ్యావ్’ పెట్టాల్సిన పని లేదు.

దీనికి ఎదురు వైపు ఉన్నది ‘మొదటిసారి’ వాక్యం. ‘బెంగళూరు రావడం ఇదే మొదటిసారి’ అన్నదానికి ‘దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ కమ్’ అనో, ‘ఐ యామ్ కమింగ్ ఫస్ట్ టైమ్’ అనో అంటుంటారు. ఇంగ్లిష్‌లో ‘దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ హ్యావ్ కమ్’. పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా వచ్చిన సార్లన్నీ లెక్కపెడితే ఇది మొదటిది అనే భావం అందులో ఉంది కాబట్టి పర్ఫెక్ట్ వచ్చింది.

భవిష్యత్తు మాటల్లో మాత్రం రెండు రూపాలూ దాదాపు ఒకరి చోట ఒకరు కూర్చుంటాయి. ‘సిల్క్ బోర్డ్ చేరాక ఫోన్ చేస్తాను’ అన్నదానికి ‘వెన్ ఐ రీచ్’ అన్నా, ‘వెన్ ఐ హ్యావ్ రీచ్డ్’ అన్నా సరే. పని పూర్తయిందని నొక్కి చెప్పాలంటే రెండోది మెరుగు. ‘కాల్ మీ వెన్ యూ హ్యావ్ ఈటెన్’ అంటే తినడం ముగిశాకే చేయమని. ‘వెన్ యూ ఈట్’ అంటే తింటూ ఉన్నప్పుడు చేయమన్నట్టు కూడా వినిపించవచ్చు.

ఎవరూ దిద్దకపోవడానికి కారణం

బెంగళూరు ఆఫీసుల్లో ఈ వాడుక ఏళ్ళ తరబడి నిలిచి ఉండడానికి ఒక బలమైన కారణం చుట్టూ ఉన్న భాషలే. కన్నడంలో ‘2019రింద బెంగళూరినల్లి ఇద్దేనె’ అంటారు. అదీ వర్తమానమే. తమిళం, హిందీ కూడా ఇక్కడ తెలుగు దారినే నడుస్తాయి. ఒక టీములో తెలుగు, కన్నడ, తమిళ, హిందీవాళ్ళు కలిసి ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటే ‘ఐ యామ్ హియర్ సిన్స్ 2019’ అన్న వాక్యం నలుగురికీ సహజంగానే వినిపిస్తుంది. దిద్దాలని ఎవరికీ తోచదు. బయటి మనిషి విన్నప్పుడే తేడా తెలుస్తుంది.

ఇది భారతీయ భాషలకే పరిమితమైన తీరు కూడా కాదు. జర్మన్, ఫ్రెంచ్ భాషలు కూడా ‘2019 నుంచి ఇక్కడ ఉంటున్నాను’ అనడానికి మామూలు వర్తమానమే వాడతాయి. ఇందిరానగర్‌లోని గోథె ఇన్‌స్టిట్యూట్‌లో జర్మన్ నేర్చుకునే తెలుగువాళ్ళకు ఈ ఒక్క చోట తెలుగు అలవాటే సాయపడుతుంది. వింతగా ఉన్నది ఇంగ్లిష్ పద్ధతే. కాబట్టి ‘ఐ యామ్ హియర్ సిన్స్ 2019’ అన్న మనిషికి తెలివి తక్కువనో, చదువు సరిగ్గా అబ్బలేదనో తేల్చేయడం అన్యాయం. తన భాషకు తగ్గ తర్కంతోనే ఆ మనిషి మాట్లాడుతున్నాడు.

అయినా ఈ తప్పుకు లెక్క చెప్పుకోవాల్సిన చోట్లు ఉన్నాయి. బ్యాంకు, ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షల్లో తప్పు పట్టుకోమనే ప్రశ్నలకు ‘సిన్స్’తో వచ్చే ప్రెజెంట్ పాత చుట్టం. విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్టీఎస్ స్పీకింగ్‌లో మార్కులకు నాలుగు కొలమానాలుంటే వ్యాకరణం వాటిలో ఒకటి, నాలుగింటికీ సమాన విలువ. టీచర్ల వైపు నుంచి చూస్తే, దక్షిణాది రాష్ట్రాల ఇంగ్లిష్ టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థ 1963 నుంచి బెంగళూరులోనే ఉంది, ఇప్పుడు జ్ఞానభారతి ప్రాంగణంలో. శిక్షణ ఎంత మారినా తరగతి గదిలో పన్నెండు టెన్సుల పట్టిక ఇంకా గోడ మీదే ఉంటోంది. ఆ పట్టికలో ప్రతి టెన్సుకూ ఒక గడి ఉంటుంది. రెండు గడుల మధ్య ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఏం చూడాలో చెప్పే గడి ఉండదు. పిల్లలకు అవసరమైనది ఆ ఎంపికే.

పరీక్షకో ఇంటర్వ్యూకో వెళ్ళేవాళ్ళకు దగ్గరి దారి ఒకటుంది. చాలాసార్లు ప్రశ్నలోనే జవాబు క్రియ దొరుకుతుంది. ‘వేర్ డూ యూ లివ్?’ అంటే ‘ఐ లివ్ ఇన్ కేఆర్ పురం.’ వెంటనే ‘హౌ లాంగ్ హ్యావ్ యూ లివ్డ్ దేర్?’ అని వస్తే ‘ఐ హ్యావ్ లివ్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్.’ ‘వెన్ డిడ్ యూ మూవ్?’ అంటే ‘ఐ మూవ్డ్ ఇన్ 2022.’ ప్రశ్న అడిగినవాళ్ళు ‘డూ’ నుంచి ‘హ్యావ్’కు, ‘హ్యావ్’ నుంచి ‘డిడ్’కు మారినప్పుడు చెవి దాన్ని పట్టుకుంటే చాలు. సాధన చేసేటప్పుడు కూడా జవాబులు బట్టీ పట్టే కంటే ఈ మూడు ప్రశ్నలనూ వరుస మార్చి ఎవరితోనైనా అడిగించుకోవడం ఎక్కువ ఉపయోగపడుతుంది.